రీలు, స్కానరు, ప్రింటరు: తాడ్వాయి ప్రాంతంలో ఫోటో చరిత్ర

ఫిల్ము మీద తీసిన ఫోటోను స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంట్లోనే ప్రింటు వేసుకునే పద్ధతిలో మూడు కాలాల పనితనం కలిసి ఉంది. ఫిల్ము 19వ శతాబ్దపు రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. స్కానర్ 1950లలో అమెరికా ప్రయోగశాలలో పుట్టింది. ఫోటోను పోలికలు చెడకుండా అచ్చువేయగల ఇంకు ప్రింటరు 1990లలో మధ్యతరగతి ఇంటికి అందే ధరకు దిగింది. పెద్ద నగరాల్లో ఈ పద్ధతిని పట్టుకున్నవారు ఎక్కువగా ఫిల్ము మీద మక్కువ తీరని కళాకారులు. తెలంగాణ పల్లెల్లో అది మరో అవసరంతో అడుగుపెట్టింది. కాలం చేసిన పెద్దల ముఖాలు, వెలిసిపోయిన పెళ్లి ఫోటోలు, చెదలు తిన్న గ్రూపు ఫోటోలు మళ్లీ చూడదగ్గ రూపంలో చేతికి రావాలన్నదే ఆ అవసరం.

తాడ్వాయి అలాంటి మండల కేంద్రం. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలోని ఈ మండలం 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాలో చేరింది. అంతకుముందు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. శాసనసభకు ఎల్లారెడ్డి నియోజకవర్గం కిందికి వస్తుంది. రైలుకు, పెద్ద అంగడికి, పెద్ద ఆసుపత్రికి కామారెడ్డి దిక్కు. ఫోటో విషయంలోనూ చాలాకాలం అంతే. ఇలాంటి ప్రాంతంలో ఫోటో చరిత్ర తెలియాలంటే కెమెరాల జాబితా సరిపోదు. నెగెటివ్ ఎవరి దగ్గర ఉండేది, ఎవరి దగ్గర మిగిలింది అన్నది చూడాలి. ప్రింటు వెలిసిపోతే మళ్లీ వేయడానికి ఆధారం అదే కాబట్టి.

గాజు పలకల కాలం

అప్పట్లో ఈ ప్రాంతం కూడా భాగమైన హైదరాబాద్ సంస్థానంలో ఫోటోగ్రఫీకి పెద్ద పేరు తెచ్చినవాడు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఇండోర్‌లో ప్రజా పనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ కెమెరా పట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరి 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. 1892లో హైదరాబాద్‌లో స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు. పరదా పాటించే ఇళ్ల స్త్రీలను అందులో ఆడవాళ్లే ఫోటో తీసేవారు. 1894లో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. 1905లో ఆయన మరణించాడు.

ఆయన వాడిన నెగెటివ్ గాజు పలక. దాని మీద వెండి లవణాలు కలిపిన జెలటిన్ పూత ఉండేది. ప్రింటు ఎంత కావాలంటే పలకా అంతే ఉండాలి, ఎందుకంటే పలకను కాగితానికి ఆనించి ఎండలో పెట్టి ముద్ర తీసేవారు. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన, వెండి నైట్రేటు పట్టించేవారు. పది, పన్నెండు అంగుళాల గాజు పలకలను, చెక్క కెమెరాను, మూడుకాళ్ల స్టాండును ఎడ్లబండి మీద వేసుకుని తిరగాలి. అందువల్ల ఆ కాలంలో కెమెరా ముందుకు వచ్చినవి కోటలు, దర్బారులు, వేటలు, విందులు, ప్రభుత్వ పనులు. 1899-1900 కరువులో ఔరంగాబాద్ జిల్లా సహాయక శిబిరాలను దీన్ దయాళ్ స్టూడియో ఫోటోలు తీసింది కూడా సర్కారు పని చూపించడానికే. ఫోటోలో రైతు, కూలి కనబడినా, ఆ ఫోటో వాళ్ల ఇంటికి చేరేది కాదు.

దీన్ దయాళ్ స్టూడియో ఒక మంచి అలవాటు పాటించింది. పలకలకు వరుస నంబర్లు వేసి దాచింది. ఆయన తర్వాత కుటుంబం వాటిని కాపాడింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను ఆ కుటుంబం నుంచి కొన్నది. 2010లో వాటి ఆధారంగా పెద్ద ప్రదర్శన జరిగింది. వందేళ్ల నాటి గాజు పలకల నుంచి కొత్త ప్రింట్లు తీయడం ఈ వ్యాసపు విషయానికి తెలుగు నేల మీద దొరికే తొలి పెద్ద ఉదాహరణ.

రెండో ఉదాహరణ ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ది. 1940లలో ఆయన నిజాం రాజ్యంలో చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి వేలాది ఫోటోలు తీశాడు. చిన్న ఫిల్ము కెమెరా కావడంతో గుడిసె ముందు, పొలంలో, జాతరలో మనుషులు మామూలుగా ఉన్నట్టే దొరికారు. ఆ నెగెటివ్‌లు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల కళాశాలకు చేరాయి; ఆ కళాశాల తర్వాత వాటిని డిజిటల్ రూపంలోకి మార్చింది. దానితో తమ తాతల కాలపు ఊళ్లను మార్లవాయి వంటి గూడేల పిల్లలు తెర మీద చూసే వీలు కలిగింది. రెండు సందర్భాల్లోనూ ఫోటో నిలవడానికి కారణం నెగెటివ్ ఒకచోట క్రమంగా ఉండటమే.

స్టూడియో, డార్క్ రూమ్

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వేసిన మీటరుగేజి రైలుమార్గం 20వ శతాబ్దం మొదటికల్లా కామారెడ్డిని హైదరాబాద్‌తో కలిపింది. ఫిల్ము, కాగితం, మందులు చిన్న పట్నాలకు చేరడానికి ఇలాంటి దారులే ఆధారం. స్వాతంత్ర్యం తర్వాత తాలూకా కేంద్రాల్లో స్టూడియోలు స్థిరపడ్డాయి. ముందుగదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపల తోటో మెట్లో వేసిన తెర, రెండు దీపాలు. ఆ వెనుక కిటికీ లేని చీకటి గది. ఈ అమరిక తెలుగు నేల అంతటా ఒకే తీరుగా ఉండేది.

కెమెరాల్లో 120 రకం రోలు వేసేవి ఎక్కువ. ఒక రోలుకు ఆరు సెంటీమీటర్ల చదరంలో 12 ఫోటోలు వచ్చేవి. యాషికా, రోలీఫ్లెక్స్ వంటి రెండు కళ్ల కెమెరాలు స్టూడియో యజమాని హోదాకు గుర్తు. ఆగ్ఫా క్లిక్ వంటి చవక పెట్టె కెమెరాలు విహారాలకు. దిగుమతి మీద ఆంక్షలున్న రోజుల్లో కొడాక్, ఆగ్ఫా, తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ములకు తోడుగా స్వదేశీ సరుకు కావాలని కేంద్ర ప్రభుత్వం ఊటీలో 1960లో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు అనే పేరుతో వచ్చిన ఆ ఫిల్ము, కాగితం దేశమంతటా చిన్న స్టూడియోలకు పని కల్పించాయి.

ఫోటో కడగడం రాత్రి పని. రోలును చీకట్లో విప్పి డెవలపర్‌లో ముంచితే వెలుగు తగిలిన చోట వెండి నల్లగా తేలుతుంది. నీళ్లలో కడిగి హైపో అనే మందులో వేస్తే వెలుగు తగలని వెండి లవణం కరిగిపోతుంది. ఆపైన పారే నీళ్లలో బాగా కడగాలి. పుస్తకం ప్రకారం డెవలపర్ వేడి 20 డిగ్రీలు ఉండాలి. నిజామాబాద్, కామారెడ్డి ఎండాకాలంలో కుళాయి నీళ్లే అంతకన్నా చాలా వేడిగా ఉంటాయి. వేడి నీళ్లలో జెలటిన్ మెత్తబడి, పూత ముడతలు పడి, ఒక్కోసారి ఊడి వస్తుంది. అందుకే కుండనీళ్లు వాడటం, మందు సీసాను మంచుగడ్డల మధ్య పెట్టడం, తెల్లవారుజామున పని ముగించడం చేసేవారు. నీళ్ల ఎద్దడిలో కడగడం తగ్గేది. కాగితంలో మిగిలిపోయిన హైపో ఏళ్లు గడిచాక ఫోటోను పసుపు పట్టిస్తుంది. ఈ ప్రాంతంలో పాత ఫోటోలు పసుపు, గోధుమ రంగులోకి మారడానికి కాలంతోపాటు ఆనాటి నీళ్ల కరువూ ఒక కారణం.

నెగెటివ్ ఆరాక టచింగ్ జరిగేది. నెగెటివ్‌లో నల్లగా ఉన్నచోటు ప్రింటులో తెల్లగా వస్తుంది. కాబట్టి ముఖం మీది మచ్చ పోగొట్టాలంటే నెగెటివ్‌లో ఆ చోట సన్నటి పెన్సిల్ ములికితో గీతలు నింపాలి. వెలుగుపెట్టె ముందు భూతద్దం పెట్టుకుని చేసే ఈ పనికి మంచి చెయ్యి ఉన్నవాడికి స్టూడియోలో విలువ ఎక్కువ. తర్వాత నెగెటివ్‌ను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టి, ఎర్రదీపం వెలుగులో ప్రింటు తేల్చేవారు. నల్లబడాల్సిన చోట వెలుగు ఎక్కువసేపు పడనిచ్చి, తేలికగా ఉండాల్సిన చోట చెయ్యి అడ్డంపెట్టేవారు. కోరుట్లలో 1939లో పుట్టి 2011లో మరణించిన బండి రాజన్‌బాబు ఆదివాసుల మీద తీసిన నలుపు తెలుపు చిత్రాల్లో ఈ చీకటిగది నేర్పు ఎంత ఎత్తుకు వెళ్లగలదో కనిపిస్తుంది.

ఫోటో తీయించుకున్నవారికి అందేది మూడు ప్రింట్లు, ఒక చిన్న కవరు. నెగెటివ్ స్టూడియోలోనే ఉండేది. మళ్లీ కాపీ కావాలంటే అదే స్టూడియోకు రావాలన్నది వ్యాపార సూత్రం. కొన్నిచోట్ల కవరు మీద నంబరు వేసి డబ్బాల్లో దాచేవారు. చాలాచోట్ల అవి తేమకు బూజు పట్టాయి. దుకాణం మూతపడినప్పుడు తుక్కు వ్యాపారికి చేరాయి. ఎందుకంటే నలుపు తెలుపు నెగెటివ్‌లో వెండి ఉంటుంది. పాత నెగెటివ్‌లకు, ఎక్స్‌రే ఫిల్ములకు అందుకే ధర పలికేది. అన్నిటికన్నా ఎక్కువకాలం నిలవగల నెగెటివే వెండి కోసం కరిగిపోవడం ఈ వృత్తి చరిత్రలో పెద్ద నష్టం.

ఫోటో ఎందుకు తీయించుకున్నారు

పల్లెలో తొలి ఫోటో చాలామందికి ముచ్చట కొద్దీ తీసింది కాదు. కాగితం పని కోసం తీసింది. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టే ఆడవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. బీడీ కార్మికుల మీద 1966లో వచ్చిన చట్టం, 1976లో వచ్చిన సంక్షేమ నిధి చట్టం తర్వాత కార్మికురాలికి గుర్తింపు కార్డు ముఖ్యమైంది, ఆ కార్డుకు ఫోటో కావాలి. గల్ఫ్ దారి పట్టిన యువకుడికి పాస్‌పోర్టుకు, వీసాకు, ఏజెంటుకు, వైద్య పరీక్షకు ఫోటోలు కావాలి. భూమికి పట్టాదారు పాసు పుస్తకంలో, రేషన్ కార్డు మీద కుటుంబమంతా కనపడేలా, పదో తరగతి హాల్ టికెట్ మీద, ఇలా ఫోటో అవసరం పెరుగుతూ వచ్చింది. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు తప్పనిసరి చేయాలని నిర్ణయించాక ప్రతి వయోజనుడూ కెమెరా ముందు కూర్చోవలసి వచ్చింది.

ఈ ఫోటోలన్నిటికీ ఒకే లక్షణం: చిన్న సైజు, ముఖం నేరుగా, నవ్వు లేకుండా. అర్జంటు అన్నవాడి కోసం స్టూడియోవాడు రోలు మధ్యలోనే చీకట్లో తెరిచి, తీసిన ముక్క వరకు కత్తిరించి కడిగి, మిగతాది మళ్లీ కెమెరాలో వేసేవాడు.

రెండో రకం ఫోటో ఇంటి ఫోటో. పెళ్లిలో తలంబ్రాలు, అప్పగింతలు. పసిబిడ్డ బోర్లాపడితే ఒకటి. దుబాయి వెళ్లేవాడు భార్యాపిల్లలతో ఒకటి, అది సూట్‌కేసులో పోయేది. గల్ఫ్ నుంచి ఉత్తరంతో వచ్చే రంగు ఫోటో గోడకెక్కేది.

మూడోది పోయినవారి ఫోటో. దినకర్మల నాటికి దండ వేయడానికి పెద్ద ఫ్రేము సిద్ధం కావాలి. బతికుండగా విడిగా ఫోటో తీయించుకోని ముసలివాళ్లు చాలామంది. పెళ్లి గ్రూపులో వెనుక వరుసలో సగం కనపడే ముఖమో, పాసు పుస్తకం మీద సీలు పడిన చిన్న ఫోటోనో ఇచ్చి, దీన్ని పెద్దది చేసిపెట్టమని కోరేవారు. స్టూడియోవాడు ఆ ఫోటోనే మళ్లీ ఫోటో తీసి, కొత్త నెగెటివ్ చేసి, ముఖం కత్తిరించి, భుజాలు, చొక్కా చేత్తో గీసి, ఎన్‌లార్జ్ చేసేవాడు. ఒక్కోసారి ముఖం ఎవరిదో పోల్చుకోలేని స్థితి వచ్చేది. స్కానర్ ఈ ప్రాంతపు స్టూడియోల్లో ముందుగా పట్టు సాధించింది ఈ పనిలోనే.

రంగు రీలు, దూరపు ల్యాబు

1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతి రంగు ఫిల్మును ప్రపంచమంతా ఒకేలా కడిగే మార్గం వేసింది. అందులో డెవలపర్ వేడి 37.8 డిగ్రీలు, సమయం 3 నిమిషాల 15 సెకన్లు. వేడి పావు డిగ్రీ తేడా వచ్చినా రంగులు తప్పుతాయి. కుండనీళ్లు, మంచుగడ్డలతో నెట్టుకొచ్చే పని కాదిది, యంత్రం కావాలి. 1970ల చివర జపాన్ నోరిట్సు సంస్థ ఒకేచోట ఫిల్ము కడిగి ప్రింటు వేసే మినీల్యాబు యంత్రాలను తెచ్చింది. 1980లు, 1990లలో మన నగరాల్లో, జిల్లా కేంద్రాల్లో కలర్ ల్యాబులు వెలిశాయి.

దీంతో పల్లె ఫోటోగ్రాఫర్ పని మారిపోయింది. 36 ఫోటోల రీలును బస్సులో పట్నానికి పంపి, ప్రింట్లు వచ్చేదాకా ఎదురు చూడటమే మిగిలింది. చీకటిగది మూతపడింది. టచింగ్ చేసే చెయ్యికి పని పోయింది. ఒక మేలు మాత్రం జరిగింది: ల్యాబు ప్రింట్లతోపాటు నెగెటివ్ ముక్కలనూ కవరులో పెట్టి ఇచ్చేది. పెళ్లి ఆల్బమ్‌తో కలిసి ఆ కవరు ఇంటికి చేరడం మొదలైంది. 1985 నుంచి 2005 మధ్య జరిగిన పెళ్లిళ్ల నెగెటివ్‌లు తెలంగాణలో ఎన్నో ఇళ్లలో ఇనుప పెట్టెల అడుగున ఉన్నాయంటే కారణం ఇదే.

రంగు ఫోటోకు ఆయుష్షు తక్కువ. నలుపు తెలుపు చిత్రాన్ని నిలబెట్టేది వెండి. రంగు ఫోటోలో వెండిని తీసేసి రంగుల్ని మాత్రమే మిగులుస్తారు. పాత రంగు కాగితాల్లో నీలి-పచ్చ రంగు పెట్టెలో ఉన్నా కరిగిపోయేది. అందువల్లే 1980ల పెళ్లి ఫోటోల్లో అందరి ముఖాలూ ఎర్రబారి కనిపిస్తాయి.

స్కానర్ రాక

ఫోటోను అంకెలుగా మార్చిన మొదటి ప్రయోగం 1957 నాటిది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజినీరు తన మూడు నెలల కొడుకు ఫోటోను యంత్రంలో చుట్టి 176 చుక్కల వెడల్పు, 176 చుక్కల ఎత్తుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ శాసన్ ఫిల్ము లేని కెమెరా చేశాడు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీద రాయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 1990లో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్ వచ్చింది. 1992లో కొడాక్ ఫిల్మును స్కాన్ చేసి సీడీ మీద ఇచ్చే సేవ అమ్మకానికి పెట్టింది. 1996లో ఫ్యూజీ ఫ్రాంటియర్ అనే కొత్త రకం మినీల్యాబును తెచ్చింది. అది నెగెటివ్‌ను స్కాన్ చేసి, లేజరు కిరణంతో ఫోటో కాగితం మీద ముద్ర వేస్తుంది.

అంటే ఇలాంటి ల్యాబులు నడిచినచోట ఫిల్ము, స్కాను కలిసిన పద్ధతి ఎవరికీ తెలియకుండానే ఆల్బముల్లోకి చేరింది. రీలు కెమెరాలో వేసినా, చేతికి వచ్చిన 4 బై 6 ప్రింటు స్కానర్ చూసిన ఫోటోనే. 2003, 2004 సంవత్సరాల్లో కానన్, నికాన్ డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాల ధరలు దిగాక పెళ్లి ఫోటోగ్రాఫర్లు వరుసగా ఫిల్ము వదిలేశారు. కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఊటీ ఫిల్ము కర్మాగారం అప్పటికే 1990ల నుంచి ఖాయిలా సంస్థ.

స్టూడియోకు మరో దెబ్బ ప్రభుత్వ కార్యాలయాల నుంచి తగిలింది. 2010లో ఆధార్ మొదలై, పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరుచుకున్నాక కెమెరా కౌంటరు మీదికే వచ్చింది. చేతిలో ఫోటో పట్టుకుని వెళ్లాల్సిన పని తగ్గింది. మండల కేంద్రపు స్టూడియో జిరాక్సు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులతో కలిసిన దుకాణంగా మారింది. అందులో స్కానర్ ఉంటుంది, ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటరు ఉంటుంది. దండ వేసే ఫోటో అక్కడే సిద్ధమవుతుంది. అదే ఫైలు ఫ్లెక్సీగా పెరిగి ఊరి చౌరస్తాలో శ్రద్ధాంజలి బోర్డు అవుతుంది.

నెగెటివ్‌ను స్కాన్ చేయడం

స్కానర్ పనితనాన్ని అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుంది అన్న లెక్కతో చెబుతారు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు ఉంటే చాలు. 36 ఫోటోల రీలులో ఒక్కో నెగెటివ్ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని 2400 చుక్కల మీద స్కాన్ చేస్తే 2268, 3402 చుక్కల బొమ్మ వస్తుంది. అది దాదాపు ఏ4 కాగితమంత ప్రింటుకు సరిపోతుంది. పాత 120 రోలు నెగెటివ్‌ను అదే కొలత మీద స్కాన్ చేస్తే ఒక వైపే 5290 చుక్కలు దాటుతాయి. 17 అంగుళాల చదరపు ప్రింటు పడుతుంది.

పాస్‌పోర్టు సైజు ప్రింటుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. 35, 45 మిల్లీమీటర్ల ఆ కాగితాన్ని 600 చుక్కల మీద స్కాన్ చేసినా అడ్డంగా 827 చుక్కలే దొరుకుతాయి. దాన్ని 12 బై 15 అంగుళాల ఫ్రేముకు పెంచితే అంగుళానికి 69 చుక్కలే మిగులుతాయి, ముఖం మసకబారుతుంది. కాగితం మీద లేని వివరాన్ని స్కానర్ పుట్టించలేదు. అదే మనిషి నెగెటివ్ దొరికితే కనురెప్పలు కూడా నిలుస్తాయి. ఇప్పటి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ మసక ముఖానికి కళ్లు, పళ్లు స్పష్టంగా గీసి ఇస్తుంది, కానీ ఆ కళ్లు ఊహించి గీసినవి. ఇంటివాళ్లు చూసి, పోలిక రాలేదని అనడం అందుకే.

పనిలో మెళకువలు కొన్ని ఉన్నాయి. నెగెటివ్‌ను అంచులు పట్టి తీయాలి, వేలిముద్ర పడితే స్కానులో పెద్దగా కనిపిస్తుంది. ఎండాకాలపు దుమ్మును తడిబట్టతో తుడవకూడదు. గాలి ఊదే రబ్బరు బుడ్డి, మెత్తటి కుంచె వాడాలి. రంగు నెగెటివ్ నారింజ రంగులో ఉండటం లోపం కాదు. రంగులు సరిగా రావడానికి తయారీలోనే చేర్చిన పొర అది. స్కానర్ సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేసి రంగుల్ని తిప్పుతుంది. దుమ్మును పరారుణ కిరణంతో గుర్తించి చెరిపే సదుపాయం రంగు ఫిల్ముకే పనిచేస్తుంది. నలుపు తెలుపు నెగెటివ్‌లోని వెండి ఆ కిరణాన్ని ఆపుతుంది కాబట్టి అక్కడ దాన్ని ఆపేసి, మచ్చలు చేత్తో తుడవాలి. ఒకప్పటి టచింగ్ పెన్సిల్ స్థానంలో ఇప్పుడు మౌసు ఉంది.

నెగెటివ్ స్కానర్ అందరికీ అందదు. వెలుగుపెట్టె మీద నెగెటివ్ పెట్టి కెమెరాతోనో ఫోన్‌తోనో ఫోటో తీసి, రంగులు తిప్పే మార్గమూ ఉంది. ఫోన్ తెరనే దీపంగా వాడేవారు నెగెటివ్‌కు, తెరకు మధ్య పాలరంగు ప్లాస్టిక్ పలక ఉంచాలి. లేకపోతే తెరమీది చుక్కలు ఫోటోలో పడతాయి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోను లాగితే పూత అద్దానికే మిగిలిపోతుంది. దాన్ని అద్దంతో సహా స్కాన్ చేయడమే క్షేమం.

ఇంటి ప్రింటు

1994లో ఎప్సన్ అంగుళానికి 720 చుక్కలతో రంగు ప్రింటరు తెచ్చాక ఇంకు ప్రింటరు ఫోటోకు పనికొస్తుందని రుజువైంది. అంతకు ముందే 1991లో గాయకుడు గ్రాహం నాష్ అమెరికాలో పెద్ద ఐరిస్ ప్రింటరుతో కళాఖండాల ప్రింట్లు వేసే కేంద్రం తెరిచాడు. మన దగ్గర మాత్రం ఇంకు డబ్బా ధర అడ్డుపడింది. సీసాతో ఇంకు నింపుకునే ట్యాంకు ప్రింటర్లు 2010 తర్వాత వచ్చాక మండల కేంద్రపు దుకాణాలు, ఆ తర్వాత ఇళ్లు వాటిని అందుకున్నాయి. 4 బై 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పాస్‌పోర్టు ఫోటోలు ఒక్కసారే పడతాయి. ఒకప్పుడు రాత్రంతా చీకట్లో సాగిన పని కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది.

ఇంకుల్లో రెండు రకాలు. నీళ్లలో కరిగే రంగు ఇంకు మెరుస్తుంది, చవక. ఎండ తగిలే గోడ మీద త్వరగా వెలుస్తుంది, నీటి చుక్క పడితే కారుతుంది. పొడి రేణువుల పిగ్మెంట్ ఇంకు ఖరీదైనదే గాని చాలా ఏళ్లు నిలుస్తుంది. ట్యాంకు ప్రింటర్లలో ఎక్కువ భాగం మొదటి రకం. కాబట్టి ఇంట్లో వేసిన ప్రింటును అద్దం వేసిన ఫ్రేములో, ఎండ నేరుగా పడని గోడకు పెట్టాలి. తెర మీద బాగా వెలుతురుగా కనిపించే ముఖం కాగితం మీద ఒక పాలు ముదురుగా వస్తుంది. పెద్ద కాగితం వేసేముందు అదే కాగితపు చిన్న ముక్క మీద ముఖం వరకు పరీక్షగా వేస్తే కాగితం, ఇంకు రెండూ మిగులుతాయి.

ఇక్కడితో నెగెటివ్ యజమాని మారిన వరుస పూర్తవుతుంది. దీన్ దయాళ్ కాలంలో అది దర్బారు ఫోటోగ్రాఫర్‌ది. తాలూకా స్టూడియో కాలంలో దుకాణదారుడిది. రంగు ల్యాబు కాలంలో ఇంటికి చేరింది, కానీ దాన్ని ఫోటోగా మార్చే సాధనం ఇంట్లో లేదు. స్కానర్, ప్రింటరు వచ్చాక ఇల్లే చీకటిగది అయింది. ఇంతలో కొత్త ఫోటోలకు నెగెటివే లేకుండా పోయింది. ఫోన్ పోతే, మెమరీ కార్డు చెడితే వాటికి ఆధారం ఉండదు. ఫిల్ము తయారీ పూర్తిగా ఆగలేదు. కొడాక్ 2018లో ఎక్టాక్రోమ్ రీలును తిరిగి అమ్మకానికి తెచ్చింది. అయితే తాడ్వాయి వంటి చోట ఫిల్ము విలువ రాబోయే ఫోటోల్లో కన్నా ఇప్పటికే తీసి ఉన్నవాటిలోనే ఎక్కువ.

స్కాన్ చేయడంతో నెగెటివ్ పని తీరిపోలేదు. రేపు మరింత మంచి స్కానర్ వస్తే మళ్లీ కావలసింది అదే. అందువల్ల ఇంట్లో ఉన్న నెగెటివ్ కవర్లను పారేయకూడదు, తుక్కుకు అమ్మకూడదు. పీవీసీ కవర్లలో కాకుండా కాగితపు కవర్లలో వేసి, తేమ, వేడి తగలని చోట ఉంచాలి. స్కాన్ చేసిన ఫైళ్లను కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచాలి. ప్రింటు వెనుక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని చేయాలి. ముఖం స్పష్టంగా ఉండి పేరు తెలియని ఫోటోకు ఏ సాఫ్ట్‌వేరూ పేరు పెట్టలేదు.